ఇంట్లో ఒక అమాయకుడు ఉంటే శనివారం రాత్రి ఏ సినిమా పెట్టాలి?

మేం ముగ్గురు అక్కచెల్లెళ్ళం. అందరికన్నా చిన్నవాడు మా తమ్ముడు. పెళ్ళిళ్ళయినా ముగ్గురం చెన్నైలోనే తలోమూల స్థిరపడ్డాం. అమ్మ, తమ్ముడు నా దగ్గర విల్లివాక్కంలో ఉంటారు. నెలకోసారి, ఎక్కువగా రెండో శనివారం, అందరూ మా ఇంటికి చేరతారు. భోజనాలయ్యాక పిల్లలు హాల్లో పరుపులు పరిచేస్తారు. అప్పుడు మొదలవుతుంది అసలు గొడవ: ఇవాళ ఏ సినిమా?

వేరే ఇళ్ళలో ఈ గొడవ హీరోల గురించి జరుగుతుంది. మా ఇంట్లో తమ్ముడి గురించి. వాడెలాంటివాడో ఒక్క సంగతి చెబితే చాలు. మా చిన్న చెల్లెలి పెళ్ళిచూపులకి నెల్లూరు నుంచి అబ్బాయి వాళ్ళు వచ్చారు. పళ్ళెంలో సున్నుండలు పెట్టి "మా అమ్మాయే చేసిందండీ" అంది అమ్మ. అబ్బాయి తల్లి ఒకటి కొరికి, కళ్ళు పెద్దవి చేసి, బాగుందన్నట్టు తలూపింది. అంతలో మంచినీళ్ళ గ్లాసులతో మావాడు వచ్చాడు. "మొహమాటపడకండి అత్తయ్యగారూ, లోపల ఇంకో అరకిలో ఉన్నాయి. పొద్దున నేనే పాండీ బజార్ వెళ్ళి తెచ్చాను, అప్పుడే చుట్టి ఇచ్చాడు" అన్నాడు. ఎంత ఆదరంగా అన్నాడంటే వాణ్ణి తిట్టడానికి కూడా మాకు నోరు రాలేదు. సంబంధం కుదిరింది. ఆ అత్తగారు మాత్రం ఇప్పటికీ మా చెల్లెల్ని "ఏమ్మా, పాండీ బజార్" అనే పిలుస్తుంది.

వాడికి ముప్పై నాలుగేళ్ళు. తను అబద్ధం ఆడడు, ఎదుటివాళ్ళు ఆడుతున్నారని వాడికి తోచదు. ఇలాంటి మనిషి మీద సినిమాలు చాలానే ఉన్నాయి. అలాంటి మనిషినే పక్కన కూర్చోబెట్టుకుని ఏది చూడాలన్నది వేరే లెక్క. ఈ రెండేళ్ళలో మేం చూసినవాటిలో దేనికి ఎవరు నవ్వారో, ఎవరు లేచి వెళ్ళిపోయారో గుర్తున్నంతవరకు రాస్తున్నాను. మీ ఇంట్లో అలాంటివాడు లేడంటారా? మీ అక్కనో అన్ననో ఒకసారి అడిగి చూడండి. వాళ్ళ దృష్టిలో అది మీరే కావచ్చు.

ముందు ఒక్క విషయం తేల్చుకోండి. నవ్వు ఎవరి మీద పడాలి? అమాయకుడి మీదా, వాడి చుట్టూ ఉన్న తెలివైనవాళ్ళ మీదా? అమాయకుడు అరటితొక్క మీద జారిపడే సినిమా ఒక రకం. వాడు నడిచి వెళ్ళిన దారిలో మిగతావాళ్ళు వరసగా జారిపడే సినిమా ఇంకో రకం. పైకి రెండూ కామెడీలే. ఇంట్లో నిజంగా అలాంటివాడుంటే మొదటి రకం పది నిమిషాలకే ముల్లులా గుచ్చుకుంటుంది. అందుకే మా జాబితాలో ఎక్కువగా రెండో రకమే ఉంది.

అవర్ ఇడియట్ బ్రదర్: అక్కచెల్లెళ్ళ సినిమా

2011లో వచ్చిన ఈ అమెరికన్ సినిమాకి దర్శకుడు జెస్సీ పెరెట్జ్. పాల్ రడ్ నెడ్ అనే పాత్ర వేశాడు. నెడ్ గడ్డం పెంచుకుని, పొలంలో మందుల్లేని కూరగాయలు పండించి సంతలో అమ్ముకునే మనిషి. ఒకరోజు యూనిఫాంలో ఉన్న పోలీసు వచ్చి, ఈ వారం చాలా కష్టంగా గడిచింది, కాస్త గంజాయి ఉంటే ఇవ్వమంటాడు. నెడ్ జాలిపడి ఇస్తాడు. సంకెళ్ళు పడతాయి. జైలు నుంచి వచ్చేసరికి ప్రియురాలు వేరొకడితో ఉంటుంది. మనిషి పోయినందుకు కన్నా, తన కుక్కని ఆవిడ అట్టిపెట్టుకున్నందుకు వీడు ఎక్కువ కుమిలిపోతాడు. ఇక చేసేదిలేక న్యూయార్క్‌లో ఉన్న ముగ్గురు అక్కచెల్లెళ్ళ ఇళ్ళకి ఒకదాని తర్వాత ఒకటిగా చేరతాడు.

ముగ్గురు ఆడపిల్లల మధ్య ఒక్క మగపిల్లాడు. మా పెద్ద చెల్లెలు ఈ లెక్క చూసే దీన్ని ఎంచింది.

అమెరికాలో జరిగే సన్‌డాన్స్ సినిమా ఉత్సవంలో మొదట చూపించినప్పుడు దీని పేరు 'మై ఇడియట్ బ్రదర్'. థియేటర్లకి వచ్చేసరికి 'మై' కాస్తా 'అవర్' అయింది. మనకి ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. తెలుగులో ఎవరైనా 'నా తమ్ముడు' అంటారా? 'మా తమ్ముడు' అనే అంటాం. ఒక్కతే కూతురైనా అలాగే అంటుంది. వాడి బాధ్యత ఒక్కళ్ళ నెత్తిన ఉండదు, ఇంటిల్లిపాదిదీ. సినిమాలో జరిగేది కూడా అదే. ఒక ఇంట్లో పొరపాటు జరగ్గానే వాణ్ణి ఇంకో ఇంటికి పంపేస్తారు.

ఏమిటా పొరపాట్లు? ఒకామె భర్త డాక్యుమెంటరీలు తీస్తాడు. ఒక నర్తకి మీద సినిమా తీస్తుండగా నెడ్ అనుకోకుండా లోపలికి వెళతాడు. బావ ఒంటిమీద నూలుపోగు లేదు. ఆవిడకి బెరుకు పోవాలని తను కూడా బట్టలు విప్పానని బావ చెబితే, నెడ్ నిజమేనని నమ్ముతాడు. మామూలు సంగతిలాగే బయట చెబుతాడు కూడా. ఇంకొకామె పత్రికా విలేఖరి. ఒక పెద్దింటావిడని ఇంటర్వ్యూ చేయబోతే ఆవిడ ఈమెకి ఏమీ చెప్పదు, కారు నడిపిన నెడ్‌తో మాత్రం మనసు విప్పి మాట్లాడుతుంది. ఆ మాటల్ని పత్రికకి ధ్రువీకరించమంటే నెడ్ ఒప్పుకోడు. స్నేహంగా చెప్పింది అచ్చువేయడమేమిటని వాడి ప్రశ్న. మూడో ఆమె తన జోడీ దగ్గర దాచిన సంగతిని, ఎప్పుడో చెప్పేసి ఉంటుందిలే అనుకుని నోరు జారతాడు.

గమనించండి, వీడు కావాలని ఎవరి గుట్టూ బయటపెట్టలేదు. అందరి సంసారాలూ చిన్నచిన్న అబద్ధాల మీద నిలబడి ఉన్నాయి. వీడు వాటి మీద చెయ్యి వేశాడంతే. సినిమాలో నవ్వు తొంభై పాళ్ళు అక్కచెల్లెళ్ళ మీదే. మా ముగ్గురికీ సోఫాలో కాస్త ఇబ్బందిగా అనిపించిన మాట నిజం. నవ్వుతూనే ఒకరి మొహం ఒకరం చూసుకోవడం మానేశాం.

తెర వెనక సంగతి ఇంకా బాగుంటుంది. ఈ కథ రాసినవాళ్ళలో ఒకరు దర్శకుడి సొంత చెల్లెలు ఎవ్జీనియా పెరెట్జ్. ఆవిడ అప్పట్లో 'వానిటీ ఫెయిర్' పత్రికలో పనిచేసే పాత్రికేయురాలు. సినిమాలో విలేఖరి పాత్ర పనిచేసేది కూడా ఆ పత్రికలోనే. ఆమెతో కలిసి రాసిన డేవిడ్ షిస్గాల్ ఆవిడ భర్త. ఆయన డాక్యుమెంటరీలు తీస్తాడు. సినిమాలో అందరికన్నా కుళ్ళు మనిషి ఎవరంటే ఆ డాక్యుమెంటరీ బావే! వాళ్ళింట్లో ఈ స్క్రిప్టు రాస్తున్నప్పుడు భోజనాల బల్ల దగ్గర ఏం మాటలు నడిచాయో వినాలనిపిస్తుంది నాకు.

లోపాలు లేకపోలేదు. గంటన్నర సినిమాలో ముగ్గురి కథలు ఇరికించారు. దాంతో ఒక్కొక్కరూ ఒక్కో చిట్టీ అంటించిన డబ్బాలా కనిపిస్తారు. చివర్లో ముళ్ళన్నీ చకచకా విడిపోతాయి. పాల్ రడ్ మాత్రం ఎక్కడా అతి చేయలేదు. వెర్రిమొహం పెట్టడు, నత్తిగా మాట్లాడడు. ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి మాట్లాడతాడు. మంచివాడంటే ఇలా ఉంటాడు అనిపిస్తుంది తప్ప పాపం అనిపించదు. ఎప్పుడూ కోపం రాని ఆ మనిషికి ఒకే ఒక్కసారి, ఇంటిల్లిపాదీ మూగసైగల ఆట ఆడుతుండగా, కోపం వస్తుంది. సినిమా మొత్తంలో నాకు నచ్చిన సీను అదే. మా చిన్న చెల్లెలు రిమోట్ పట్టుకుని వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది.

హెచ్చరిక కూడా చెప్పాలి. అమెరికాలో దీనికి ఆర్ రేటింగ్, అంటే పెద్దలు తోడు లేకుండా పిల్లలు చూడకూడదని. నగ్నత్వం, మత్తు, బూతులు అన్నీ ఉన్నాయి. అమ్మ ముందు, పిల్లల ముందు పెట్టకండి. వాళ్ళు పడుకున్నాక తోబుట్టువులు మాత్రమే మిగిలితే అప్పుడు పెట్టండి.

జెఫ్, హూ లివ్స్ ఎట్ హోమ్: అన్నదమ్ములకి

మీ ఇంట్లో అందరూ మగపిల్లలే అయితే పైదాని కన్నా ఇది నయం. తీసినవాళ్ళు అన్నదమ్ములే, జే డుప్లాస్, మార్క్ డుప్లాస్. 83 నిమిషాలే. కథ అంతా ఒక్క రోజులో, లూసియానా రాష్ట్రంలోని బాటన్ రూజ్ ఊళ్ళో నడుస్తుంది. జెఫ్‌కి ముప్పై ఏళ్ళు, అమ్మ ఇంటి సెల్లార్‌లో ఉంటాడు. లోకంలో ప్రతిదీ ఏదో సంకేతమని నమ్ముతాడు. ఎవరో రాంగ్ నంబర్‌కి ఫోన్ చేసి 'కెవిన్' అని అడిగితే, రోజంతా ఆ పేరు వెంట పడతాడు. అమ్మ పంపించింది మాత్రం కర్రకి రాసే జిగురు కొనుక్కురమ్మని. దారిలో అన్న తగులుతాడు. ఆ అన్న భార్యకి చెప్పకుండా పోర్షే కారు కొనేసిన పెద్దమనిషి. అక్కణ్ణుంచి ఇద్దరూ కలిసి అన్న సంసారాన్ని చిందరవందర చేస్తారు.

నెడ్ సినిమాలో నవ్వు ఎక్కువ, ఇందులో దిగులు ఎక్కువ. నెడ్ మంచితనం నోట్లోంచి వస్తుంది, జెఫ్‌ది నమ్మకంలోంచి. మా పెద్ద మరిదికి, అంటే పెద్ద చెల్లెలి భర్తకి, ఇది తెగ నచ్చింది. ఆయనకీ ఒక తమ్ముడు ఉన్నాడు, మాటలు లేవు, ఎందుకు లేవో ఇద్దరికీ గుర్తులేదు. సినిమా అయ్యాక బాల్కనీలోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాడు. ఇదీ పిల్లలకి కాదు, భాష బాగా మోటు.

మన అమాయకుల చేతిలో తాళి

అమ్మ కూర్చుంటే ఇంగ్లీషు సినిమా కుదరదు. ఆవిడ తెలుగు చదువుతుంది, తమిళం అర్థమవుతుంది, ఇంగ్లీషు సబ్‌టైటిల్ ఆవిడ కళ్ళజోడు సర్దుకునేలోపు వెళ్ళిపోతుంది. అప్పుడు మన సినిమాలే శరణ్యం.

మన దగ్గర అమాయకుడి సినిమా అనగానే అందరి నోటా వచ్చేది స్వాతిముత్యం. 1986, కె. విశ్వనాథ్, కమల్ హాసన్, రాధిక, ఇళయరాజా. ఆ ఏడాది మన దేశం తరఫున ఆస్కార్‌కి పంపిన సినిమా అదే. తర్వాత వచ్చింది చంటి, 1992, వెంకటేశ్, మీనా. దానికి మూలం అంతకు ముందు ఏడాది తమిళంలో పి. వాసు తీసిన చిన్న తంబి. అదే ఏడాది కన్నడంలో రవిచంద్రన్‌తో రామాచారి అయింది, 1993లో హిందీలో అనాడీ అయింది. హిందీలోనూ హీరో వెంకటేశే.

ఈ రెండూ వరసగా చూస్తే ఒక విషయం తట్టింది. శ్రీరామనవమి నాడు సీతారాముల కల్యాణం జరుగుతుంటే స్వాతిముత్యంలో కమల్ హాసన్ వేసిన శివయ్య ఆ తాళి తీసుకెళ్ళి భర్తపోయిన లలిత మెడలో కట్టేస్తాడు. తాళి అంటే ఏమిటో తెలియని చంటి చేత హీరోయిన్ మెడలో కట్టించుకుంటుంది. అమెరికా అమాయకుడి చేతిలో ప్రమాదకరమైన వస్తువు వాడి నోరే. మన అమాయకుడికి తాళి. నోరు జారితే అక్కడ ఒక కాపురం బీటలు వారుతుంది, ఇక్కడ తాళి పడితే ఊరు ఊరంతా కర్రలు పట్టుకుని వస్తుంది. అక్కడ గుట్టు బయటపడటమే గొడవ. ఇక్కడ గొడవంతా పరువు కోసం.

చంటిని మొదట్లో నేను పక్కన పెట్టాను. తోబుట్టువుల గురించే అయితే మాత్రం మన సినిమాల్లో దానికి సాటి లేదు. ముగ్గురు అన్నలు, ఒక్క చెల్లెలు. దాని పెళ్ళి వీళ్ళ ఇష్టప్రకారం జరగదని జోస్యం చెప్పారని, ఏ మగవాడి కంటా పడనివ్వకుండా పెంచుతారు. అంత కాపలా మధ్యలోకి, వీడి వల్ల ఏ ప్రమాదమూ లేదని వాళ్ళే చంటిని తీసుకొస్తారు. అంటే అమాయకుడు వచ్చి చెదరగొట్టేది తన తోబుట్టువుల ఇంటిని కాదు, వేరేవాళ్ళ అన్నాచెల్లెళ్ళ ఇంటిని. మొదటి సగం హాయిగా నవ్వొచ్చు. చివరి అరగంట మాత్రం కర్రలు, రక్తం, చంటి తల్లిని పెట్టే హింస. మా తమ్ముడు ఆ చోట లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాడు. ఇక అది మా ఇంట్లో చివరిదాకా పెట్టలేదు.

చెన్నైలో ఇంకో చిక్కు. చంటి పెట్టాలా, చిన్న తంబి పెట్టాలా? మా పిల్లలు బళ్ళో తమిళం చదువుకున్నారు, తెలుగు మాట్లాడతారు గానీ అక్షరాలు రావు. చిన్న తంబిలో ప్రభు లావుగా, మెత్తగా, నిజంగా ఊళ్ళో కనిపించే మనిషిలా ఉంటాడు. వెంకటేశ్ ఎంత బాగా చేసినా, ఇంత అందగాడికి ఇన్నాళ్ళూ ఎవరూ ఏమీ చెప్పకపోవడమేమిటి అనిపిస్తుంది. నా ఓటు చిన్న తంబికే. అమ్మ ఓటు వెంకటేశ్‌కి. అమ్మతో ఈ విషయం మీద వాదించకండి.

స్వాతిముత్యం ఎప్పుడు పెట్టినా నష్టం లేదు. కానీ అది కామెడీ అనుకుని కూర్చోకండి. నవ్వు ముందు వచ్చి, ఏడుపు వెనకాలే వస్తుంది. శివయ్య అమాయకత్వం స్వభావం కాదు, ఎదగని మనసు. వాణ్ణి చూసి జాలిపడతాం, నెడ్‌ని చూసి అసూయపడతాం. ఇదే మాట 1988 నాటి రెయిన్ మ్యాన్ గురించీ చెప్పాలి. అది గొప్ప సినిమా, ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కూడా వచ్చింది. అందులో అన్నకి ఉన్నది ఆటిజం. దాన్ని అమాయకుల కామెడీల వరసలో పెట్టి నవ్వుకోవడం నాకు నచ్చదు. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే ఆ సినిమా సంగతి వేరేగా ఆలోచించుకోండి. పిల్లలకి ఒక చిన్న ఊరింపు మాత్రం చెప్పొచ్చు: స్వాతిముత్యంలో మనవడిగా కనిపించే బుడతడు అల్లు అర్జున్. మా పిల్లలు ఆ ఒక్కదాని కోసమే చివరిదాకా కూర్చున్నారు.

సత్యం సుందరం: నవ్వు మన మీదే

2024లో వచ్చింది. తమిళంలో మెయ్యళగన్, దర్శకుడు సి. ప్రేమ్‌కుమార్. అరవింద్ స్వామి, కార్తి. తమిళ కథ ప్రకారం అరవింద్ స్వామి కుటుంబం ఆస్తి తగాదాల్లో తంజావూరులో ఇల్లు పోగొట్టుకుని మద్రాసు వచ్చేస్తుంది. ఇరవై ఏళ్ళు దాటాక, చెల్లెలి వరసయ్యే అమ్మాయి పెళ్ళికి అయిష్టంగా ఒక్క రాత్రికి వెళతాడు. అక్కడ ఒక చుట్టం, అంటే కార్తి, "అత్తాన్, అత్తాన్" (బావా, బావా) అంటూ అంటిపెట్టుకుంటాడు. నీళ్ళు ఇస్తాడు, భోజనం దగ్గర కూర్చోబెడతాడు, బస్సు తప్పిపోతే ఇంటికి తీసుకెళతాడు. వాడికి ఈయన గురించి అన్నీ తెలుసు. ఈయనకి వాడి పేరు కూడా గుర్తులేదు. అడగడానికి మొహమాటం. ఆ ఒక్క మొహమాటం మీదే సినిమా అంతా నడుస్తుంది.

మనలో ఎవరికి జరగలేదిది? ఏ పెళ్ళికో వెళితే ఒకాయన వచ్చి "ఏమ్మా, గుర్తుపట్టావా?" అంటాడు. మనం నవ్వుతాం, "అయ్యో, మిమ్మల్ని మర్చిపోతామా" అంటాం, కళ్ళతో అమ్మని వెతుక్కుంటాం. నెల్లూరు వెళ్ళినప్పుడల్లా నా పరిస్థితి అదే. మా నాన్న ఉద్యోగం కోసం మద్రాసు వచ్చారు. మేం ఇక్కడే పుట్టాం, ఊళ్ళో చుట్టాల పేర్లు సగం తెలియవు. వాళ్ళకి మాత్రం నేను ఏ క్లాసులో ఏ పాట పాడానో కూడా గుర్తుంటుంది.

ఇందులో కార్తిది మూర్ఖత్వం కాదు. లెక్కలు వేసుకోకుండా ప్రేమించడం వాడికి అలవాటు. ఆ ప్రేమ ముందు తెలివైనవాడికి ఊపిరాడదు. పెళ్ళిమండపం మీద అన్న అరవింద్ స్వామి తను తెచ్చిన నగలు ఒక్కొక్కటీ చెల్లెలికి తొడిగే సీను ఉంది. మాటలు తక్కువ, ఇద్దరూ ఏడుస్తూ నవ్వుతూ ఉంటారు. అక్కడ మా హాల్లో ఎవరూ ఫోన్ చూడలేదు. అది మా ఇంట్లో చిన్న విషయం కాదు.

ఇందులోనూ లోటుంది. నిడివి. దాదాపు మూడు గంటల సినిమాని విడుదలయ్యాక సుమారు 18 నిమిషాలు కోసేశారు. అయినా రెండో సగంలో కార్తి మాట్లాడుతూనే ఉంటాడు. చరిత్ర, వీరులు, జల్లికట్టు ఎద్దు, ఒకటా రెండా. పిల్లలు అక్కడ నిద్రపోయారు. తమిళం అర్థమైతే తమిళంలోనే చూడండి. కావేరి పక్క యాస, "అత్తాన్" అనే పిలుపులోని గోము తెలుగులో పూర్తిగా రాలేదని నాకు అనిపించింది. అమ్మ కోసం తెలుగు పెట్టినా తప్పులేదు, కథకి వచ్చిన నష్టమేమీ లేదు.

మిగిలింది పిల్లలు

పదేళ్ళలోపు పిల్లలు మేలుకుని ఉంటే ఇంత ఆలోచన అనవసరం. 2003 నాటి ఎల్ఫ్ పెట్టేయండి. ఉత్తర ధ్రువంలో పెరిగిన ఆరడుగుల మనిషి న్యూయార్క్‌లో తండ్రిని వెతుక్కుంటూ వస్తాడు. అక్కడ ఒక సవతి తమ్ముడు కూడా దొరుకుతాడు. విల్ ఫెరెల్ ఒళ్ళు దాచుకోకుండా చేశాడు. 97 నిమిషాలు, పీజీ రేటింగ్, అంటే పెద్దలు పక్కనుంటే పిల్లలు చూడొచ్చు. పెద్దవాళ్ళకి మధ్యలో కునుకు తీసే వీలుంటుంది, నిద్ర లేచాక కథ అర్థంకాదన్న భయం లేదు.

ఎలా ఎంచుకోవాలో మా పద్ధతి చెబుతాను. అమ్మ కూర్చుంటే సత్యం సుందరం, ఆ రాత్రి ఎనిమిదిన్నరకే మొదలుపెట్టాలి. అమ్మకి వెంకటేశ్ మీద బెంగ కలిగితే చంటి, చివరి అరగంట ముందు ఎవరో ఒకరు కాఫీ పేరుతో ఆపేయాలి. పిల్లలుంటే ఎల్ఫ్. ఏడవాలని ఉంటే స్వాతిముత్యం, అది కూడా వర్షం పడే రోజు. అన్నదమ్ముల మధ్య పాత గొడవ ఏదైనా నానుతుంటే జెఫ్. అక్కచెల్లెళ్ళు మాత్రమే మిగిలి, ఎవరి దగ్గరా దాచుకోవడానికి ఏమీ లేకపోతే నెడ్. ఏ సినిమా ఏ ఓటీటీలో ఉందో నెలకోసారి మారిపోతుంది కాబట్టి అది ముందే చూసుకోండి. అందరూ కూర్చున్నాక వెతకడం మొదలుపెడితే పదకొండవుతుంది, చివరికి పాత కామెడీ క్లిప్పులు చూసి పడుకుంటారు. మాకు రెండుసార్లు అలాగే అయింది.

ఆ చివరి షరతు, దాచుకోవడానికి ఏమీ లేకపోతే అన్నది, నేను ఊరికే పెట్టలేదు.

నెడ్ సినిమా చూసిన రాత్రి అమ్మ, పిల్లలు పడుకున్నారు. పెద్ద మరిది ఊళ్ళో లేడు, చిన్న మరిది, మా ఆయన లోపలి గదిలో గురకలు. మేం ముగ్గురం, తమ్ముడు. పోలీసు గంజాయి అడిగే సీనుకి మేం పడీపడీ నవ్వుతుంటే, తమ్ముడు కింద పరుపు మీద పడుకుని తెరవైపే చూస్తూ "పాపం, ఆ పోలీసాయన నిజంగానే కష్టంలో ఉన్నాడనుకున్నానే" అన్నాడు. దాంతో ఇంకా నవ్వాం. మధ్యలో ఎక్కడో, ఆ మూడో ఆమె గుట్టు బయటపడే చోట అనుకుంటా, మా పెద్ద చెల్లెలు నా చెవి దగ్గరకి వచ్చి "అక్కా, నేను ఉద్యోగం మానేసి పదిరోజులైంది, మీ మరిదికి ఇంకా చెప్పలేదు" అంది. నేను దాని చెయ్యి నొక్కి ఊరుకున్నాను. తమ్ముడు నిద్రపోయాడనే అనుకున్నాం.

పొద్దున అమ్మ డికాక్షన్ దించుతోంది. పెద్ద మరిది వీడియో కాల్ చేశాడు. చెల్లెలు స్నానానికి వెళ్ళింది, ఫోన్ తమ్ముడు ఎత్తాడు. "బావా, బాగున్నావా? తిన్నావా?" అని అడిగాడు. ఆయన హోటల్ ఇడ్లీ రాయిలా ఉందని ఏదో అన్నాడు. మావాడి మొహం వెలిగిపోయింది.

"ఇంక నీకా బాధ తప్పిందిలే బావా. అక్క ఇంట్లోనే ఉంటోందిగా, రోజూ వేడివేడిగా తినొచ్చు."

బాత్‌రూమ్‌లో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. అమ్మ గరిటె పట్టుకుని నావైపు చూసింది. నేను పాలు పొంగుతున్నాయేమోనని స్టవ్ దగ్గరకి వెళ్ళాను. పాలింకా కాగనే లేదు.